సరియైన త్రాసు: బెర్జీలియస్ జీవిత చరిత్ర



వంశధార సముద్రములో కలియు కళింగపట్నము తీరమున, ఇసుకలో అక్కడక్కడ నల్లని చారలు కనబడును. తూర్పు కనుమల రాళ్లు అరిగి, ఏటి నీటితో కొట్టుకొని వచ్చిన బరువైన రేణువులవి. అల తేలికైన ఇసుకను లాగుకొని పోగా బరువైనవి ఒడ్డుననే నిలిచిపోవును. వాటిలో మోనజైట్ అను ఖనిజము కొంత కలదు. మోనజైట్‌లో థోరియం, సీరియం అను లోహములున్నవి. అణుశక్తికి పనికివచ్చునని మన దేశము థోరియమును విలువగా ఎంచుచున్నది. ఈ థోరియమును మొట్టమొదట గుర్తించినవాడు స్వీడన్ దేశస్థుడైన యోన్స్ యాకోబ్ బెర్జీలియస్. పరమాణువుల బరువులను శ్రద్ధతో లెక్కగట్టి లోకమునకు అందించినవాడును ఈయనయే.

బెర్జీలియస్ 1779 ఆగస్టు 20వ తేదీన వేవర్సుండా అను పల్లెలో జన్మించెను. తండ్రి బడిపంతులు. బిడ్డ పసితనములోనే, 1783లో, తండ్రి మరణించెను. తల్లి ఎక్మార్క్ అను సంఘకాపరిని పెండ్లాడెను. ఈ మారుతండ్రి పిల్లవానిని ఆదరించి, ప్రకృతిని పరిశీలించుటయందు ఆసక్తి కలిగించెను. అయితే 1788లో తల్లియు చనిపోయెను. తొమ్మిదేండ్లకే తల్లిదండ్రులు లేనివాడై, తరువాత మేనమామ యింట పెరిగెను. అక్కడ ఆయనకు సుఖము లేదు. పెద్ద తరగతులు చదువుచునే, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి తన ఖర్చులు గడుపుకొనెను.

ఉప్సాలాలో వైద్యము చదివి 1802లో పట్టము పొందెను. స్టాక్‌హోమ్‌లో బీదలకు వైద్యము చేయుచు, రసాయన శాస్త్రమును విడువలేదు. 1803లో హిసింగర్ అను మిత్రునితో కలిసి సీరియమును కనుగొనెను. వ్యాపారములో కూడి నష్టపోయినందున, ఆ అప్పును ఏండ్ల తరబడి తీర్చవలసి వచ్చెను. 1807లో ఆచార్య పదవి లభించిన పిమ్మట బ్రతుకు కుదుటపడెను.

ఆ దినములలో ఇంగ్లండులో జాన్ డాల్టన్ అను ఉపాధ్యాయుడుండెను. ఆయన నేతవాని కుమారుడు, క్వేకరు సంఘస్థుడు. ప్రతి మూలకమును తనకు తగిన పరమాణువులతో నిండియున్నదనియు, ఒక్కొక్క జాతి పరమాణువునకు ఒక్కొక్క బరువు కలదనియు, అవి లెక్క ప్రకారము కలియుననియు ఆయన బోధించెను. 1808లో ఆయన గ్రంథము వెలువడెను. తలంపు గొప్పదే గాని, ఆయన చూపిన బరువులు అంత సరిగా లేవు. ఆ కొరత తీర్చుటకు బెర్జీలియస్ పూనుకొనెను.

కంటికి కనబడనిదానిని త్రాసులో ఎట్లు వేయవచ్చును? ఒక పెండ్లిలో ప్రతి తాంబూలమునందు ఒక కొబ్బరికాయ, రెండు అరటిపండ్లు పెట్టిరనుకొనుడి. కాయలన్నిటిని ఒకసారి, పండ్లన్నిటిని ఒకసారి తూచగా, కాయల మొత్తము పండ్ల మొత్తమునకు ఎనిమిది రెట్లున్నదనుకొనుడి. అప్పుడు ఒక్క కాయ ఒక్క పండుకంటె పదునారు రెట్లు బరువని, విడివిడిగా తూచకయే తెలియును. నీటిలో హైడ్రోజన్ ఒక పాలైతే ఆక్సిజన్ తూకములో ఎనిమిది పాళ్లు. డాల్టన్ ఒకటికి ఒకటి కలియునని యెంచెను. బెర్జీలియస్ రెండు హైడ్రోజన్ పరమాణువులకు ఒక ఆక్సిజన్ పరమాణువు అని గ్రహించెను. నేడు బడిపిల్లలు నీటిని హెచ్ టూ ఓ అని చదువుచున్నారు. మూలకములకు ఇట్లు అక్షరములు గుర్తులుగా పెట్టు పద్ధతియు ఆయన నేర్పినదే.

ఆయన ప్రయోగశాల రెండు మామూలు గదులు. నీటి గొట్టములు లేవు, పెద్ద కొలుములు లేవు. ప్రక్కనే వంటయిల్లు. అక్కడ అన్నా సుండ్‌స్ట్రోమ్ అను రైతుబిడ్డ వంట చేయుచు, పాత్రలు కడుగుచు, ప్రయోగములలోను సాయపడుచుండెను. ఆమె నేర్పరితనము నేడు స్వీడన్ చరిత్రలో గౌరవముతో తలంచబడుచున్నది. ఇట్టి చోట ఆయన సుమారు రెండువేల పదార్థములను పరీక్షించి, 1814, 1818, 1826 సంవత్సరములలో పరమాణు భారముల పట్టికలను ప్రకటించెను. వాటిలో అనేకములు నేటి లెక్కలకు మిక్కిలి దగ్గరగా నున్నవి.

ఇక ముఖ్యమైన సంగతి. 1815లో ఆయన ఒక ఖనిజమునందు క్రొత్త పదార్థము దొరికినదని తలంచి, దానికి థోరినా అని పేరు పెట్టెను. సుమారు పదేండ్లకు దానిని మరల పరీక్షింపగా, అది క్రొత్తది కాదు, అంతకు ముందే తెలిసిన యిట్రియమునకు సంబంధించినదని తేలెను. అప్పటికి ఆయన పేరు ఐరోపా అంతట మ్రోగుచున్నది. ఊరకున్నయెడల ఎవరడుగుదురు? అయినను ఆయన తన పొరపాటును తానే బయలుపరచి, ఆ పేరును కొట్టివేసెను. తరువాత 1828లో, నార్వేలో బ్రెవిక్ దగ్గరనున్న ద్వీపమున ఎస్మార్క్ అను సంఘకాపరికి దొరికిన నల్లని రాయి ఒకటి పరీక్షకై ఆయన చేతికి వచ్చెను. ఈసారి నిజముగా క్రొత్త మూలకమే దొరికెను. విడిచిపెట్టిన పేరునే దానికి పెట్టెను. అదియే థోరియం.

అయితే ఆయన నిర్దోషి అని చెప్పుటకు వీలులేదు. విరుద్ధమైన విద్యుత్తు గలవే ఒకదానితో నొకటి కలియునని ఆయన సిద్ధాంతము. కనుక ఒకే జాతి పరమాణువులు రెండు జతపడునన్న అవొగాడ్రో తలంపును ఆయన అంగీకరింపలేదు. ముసలితనములో యువకుల వాదములను గట్టిగా ఎదిరించి, మిత్రులను కొందరిని నొప్పించెను. రాళ్లను తూచినంత నిదానముగా తన సిద్ధాంతమును తూచుకొనలేకపోయెను. 1848 ఆగస్టు 7వ తేదీన స్టాక్‌హోమ్‌లో మరణించెను. అవొగాడ్రో చెప్పినదే సరియని 1860 తరువాత శాస్త్రజ్ఞులు ఒప్పుకొనసాగిరి.

ఆయన కనుగొన్న థోరియమే మరియొక పాఠము నేర్పెను. అది కిరణములు వెదజల్లునని 1898లో తెలిసెను. 1901, 1902 సంవత్సరములలో కెనడాలోని మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్, సాడీ అనువారు థోరియం పరమాణువులు తమంతట తామే వేరు మూలకముగా మారుచున్నవని కనుగొనిరి. పరమాణువు ఎన్నటికిని మారదన్న పాత నమ్మకము అంతటితో కూలెను. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు నడుమ కేంద్రకము కలదని తెలిపెను. సిద్ధాంతములు మారెను గాని, బెర్జీలియస్ నమ్మకముగా తూచిన తూకములు నిలిచెను.

న్యాయమైన త్రాసును గూర్చి లేవీయకాండము 19వ అధ్యాయమును, సామెతల గ్రంథము 11వ అధ్యాయమును బోధించుచున్నవి. సంతలో జీడిపిక్కలు తూచునప్పుడు, రేవులో చేపలు తూచునప్పుడు, ఎదుటివాని త్రాసును మనము జాగ్రత్తగా చూతుము. మన తలంపులను, మన మాటలను, మన మంచి పేరును తూచు త్రాసు మాటయేమి? తాను పెట్టిన పేరును పొరపాటని తెలిసినప్పుడు తానే కొట్టివేయుట ఎవరికైనను కష్టమే. అట్లు చేసినవానికే నిజమైనది దొరికెను. ఈ మాసమంతయు ఆ అధ్యాయములను కుటుంబములతో చదివి, మన యిండ్లలోని త్రాసులను, మన మనస్సులోని త్రాసును సరిచూచుకొందము.