పాదిరిగారి కుమారుడు డాక్టర్ ఆస్లర్

పుట్టుకతోనే గుండెలో లోపమున్న పిల్లలు మన సంఘాలలోనూ ఉన్నారు. అట్టి బిడ్డకు జ్వరము వచ్చి తగ్గకపోతే టైఫాయిడ్ అనుకొని వారాల తరబడి మాత్రలు మింగించి, చివరకు తీసికొని వచ్చిన తల్లులను వార్డులలో పనిచేసిన మేము చూచాము. అందుకే సర్ విలియం ఆస్లర్ గారిని ఇక్కడ జ్ఞాపకము చేసుకొంటున్నాము.

ఆయన 1849లో కెనడాలో, నేటి ఆంటేరియో రాష్ట్రమందలి బాండ్ హెడ్ అను పల్లెలో జన్మించారు. తండ్రి ఆంగ్లికన్ పాదిరి. తానూ పాదిరి కావలెనని చదువు మొదలుపెట్టి, 1868లో వైద్యవిద్యకు మళ్లారు. మాంట్రియల్‌లో ఆచార్యులుగా ఉండగా, చనిపోయిన రోగుల గుండెలను తానే కోసి పరిశీలించేవారు. రక్తములోని క్రిములు గుండె కవాటములకు పట్టి పుండు చేసే వ్యాధిని గూర్చి 1885లో లండన్‌లో మూడు ఉపన్యాసములిచ్చారు. మూడు రేకులుండవలసిన బృహద్ధమని కవాటము కొందరికి పుట్టుకతోనే రెండు రేకులతో ఉంటుందనీ, అది సులువుగా రోగమునకు లొంగుతుందనీ 1886లో వ్రాశారు.

ఈ వ్యాధి వేరే జ్వరముల వేషము వేసికొని వస్తుంది. రోగి లేచి తిరుగుతూనే ఉంటాడు, జ్వరము మాత్రము నెలల తరబడి విడువదు. అట్టివారి వేళ్లపై బఠాణీ గింజంత ఎర్రని నొప్పి గడ్డలు లేచి, త్వరలోనే మాయమగుటను ఆస్లర్ గారు 1909లో, ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా, వివరించారు. వాటికి నేటికీ ఆయన పేరే. అయితే అవి కొద్దిమందిలోనే కనబడును గనుక వాటికొరకు కాచుకొని ఉండరాదు. యాంటీబయాటిక్ ఇవ్వకమునుపే రెండు మూడు సార్లు రక్తము తీసి కల్చరుకు పంపవలెను, ఎకో పరీక్షతో గుండెను చూడవలెను. మెడికల్ షాపులో కొన్న నాలుగు మాత్రలు జ్వరమును కొంత దించి, కల్చరులో క్రిమిని దాచివేస్తాయి. పుచ్చిపళ్ల నుండియు ఈ క్రిమి రక్తములోకి చేరును గనుక, పళ్ల డాక్టరుకు బిడ్డ గుండె సంగతి ముందే చెప్పాలి.

ఆస్లర్ గారి కాలములో రోగము తెలిసినా మందు లేదు, దాదాపు అందరూ చనిపోయేవారు. పెన్సిలిన్ వాడకము 1940ల నాటిది. ఆయన ఒక్కగానొక్క కుమారుడు రెవెరే 1917లో బెల్జియములో, యుద్ధములో మరణించాడు. ఆస్లర్ గారు 1919 డిసెంబరు 29న కన్నుమూశారు. ఆయన అస్థికలు మాంట్రియల్‌లో, మెగిల్ విశ్వవిద్యాలయమునకు ఆయన ఇచ్చిన పుస్తకముల మధ్యనే ఉన్నవి.