చంద్రుడిపైకి వెళ్లాలనుకున్నారు.. చనిపోయాకే చేరారు!

చంద్రుడిపై కాలుమోపాలన్నది అమెరికా శాస్త్రవేత్త యూజీన్ షూమేకర్ కల. 1928లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఆయన, అరిజోనాలోని భారీ గుంత ఉల్క పడి ఏర్పడిందేనని నిరూపించారు. అయితే 1963లో అడ్రినల్ గ్రంథి జబ్బు బయటపడటంతో వ్యోమగామి అయ్యే ఛాన్స్ పోయింది. అయినా కుంగిపోలేదు. అపోలో వ్యోమగాములను అదే గుంతకు తీసుకెళ్లి రాళ్లను ఎలా పరిశీలించాలో నేర్పారు.

భార్య కరోలిన్, డేవిడ్ లెవీలతో కలిసి 1993లో ఆయన కనిపెట్టిన తోకచుక్క మరుసటి ఏడాదే ముక్కలుగా గురుగ్రహాన్ని ఢీకొట్టింది. 1997లో ఆస్ట్రేలియాలో ఉల్కల గుంతల పరిశోధనకు వెళ్లి కారు ప్రమాదంలో కన్నుమూశారు.

ఆయన చితాభస్మంలో కొంత భాగాన్ని నాసా లూనార్ ప్రాస్పెక్టర్‌లో పంపింది. పని పూర్తయ్యాక 1999 జులై 31న ఆ నౌకను చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర కూల్చేసింది. బతికుండగా వెళ్లలేని చోటే షూమేకర్ శాశ్వతంగా ఉండిపోయారు.