ఆకుపచ్చ కళ్ళద్దాలు

ఓజ్ మాంత్రికుడి కథ వినని వాళ్ళు మనలో తక్కువే. దాన్ని రాసిన లైమన్ ఫ్రాంక్ బామ్ సంగతి మాత్రం అంతగా ఎవరికీ పట్టదు.

1856 మే 15న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని చిటెనాంగోలో పుట్టాడు. తండ్రి నూనెబావుల వ్యాపారంలో బాగా గడించాడు. కొడుకు చేతిలో డబ్బు నిలిచేది కాదు. మేలుజాతి కోళ్ళు పెంచి వాటిమీద ఓ పుస్తకం రాశాడు, నాటకాలాడాడు, బండి ఇరుసులకి పూసే నూనె అమ్ముతూ ఊళ్ళు తిరిగాడు. 1882లో మాడ్ గేజ్‌ని పెళ్ళాడాడు. అత్తగారు మటిల్డా జోస్లిన్ గేజ్ స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన మనిషి.

1888లో కుటుంబంతో డకోటా మైదానాలకి వెళ్ళి, అబర్డీన్‌లో బొమ్మలు, అలంకార వస్తువులు అమ్మే దుకాణం పెట్టాడు. వానలు మొహం చాటేశాయి. పంటలెండిన రైతులకి అరువిస్తూ పోయాడు. 1890 జనవరికల్లా దుకాణం మూతపడింది. మాది సేద్యపు ఇల్లు. కరువేడు కొట్టువాడి పద్దు ఎందుకు తెగదో నాకు వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత అక్కడే ఓ వారపత్రిక నడిపాడు. దాని హాస్య శీర్షికలో ఓ రైతు ఉంటాడు. మేత దొరక్క తన గుర్రాలకి ఆకుపచ్చ కళ్ళద్దాలు తగిలించి చిత్రికపొట్టు పడేస్తాడు. అవి పచ్చగడ్డే అనుకుని తింటాయిగానీ ఒళ్ళు చేయవు! నవ్వొస్తుంది, కానీ పశువులున్న ఇంట్లో వాళ్ళకి ఆ నవ్వు గొంతు దాటదు.

అదే పత్రికలో ఇంకొకటీ ఉంది. 1890 డిసెంబరులో లకోటా తెగ నాయకుడు సిటింగ్ బుల్‌ని చంపారు. ఆ నెలాఖర్లోనే వూండెడ్ నీ దగ్గర సైన్యం ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా కాల్చేసింది. ఆ రెండు సందర్భాల్లోనూ బామ్, మిగిలిన ఆదివాసుల్ని నిర్మూలించాలని సంపాదకీయాలు రాశాడు. ఆదివాసుల పక్షాన మాట్లాడిన అత్తగారు ఉండి కూడా రాశాడు! పిల్లల రచయిత కదా అని దీన్ని దాటేయడం నాకు న్యాయంగా తోచదు. 2006లో ఆయన వంశీకులు లకోటా ప్రజలకి క్షమాపణ చెప్పారు.

1891లో పత్రికా పోయింది. షికాగో చేరి పింగాణీ సామాన్లు అమ్మాడు, దుకాణాల అద్దాల కిటికీలు అలంకరించడం గురించి ఓ పత్రిక పెట్టాడు. పిల్లలకి చెప్పే కథల్ని కాగితం మీద పెట్టమని పోరింది అత్తగారే. ఆవిడ 1898లో పోయింది. రెండేళ్ళకి డెన్స్‌లో బొమ్మలతో ఓజ్ పుస్తకం వచ్చింది.

అందులో డొరొతీ ఉండే కాన్సస్ పొలం ఎండకి బూడిదరంగు తేలి ఉంటుంది. ఆ రంగు డకోటాలో ఆయన కళ్ళారా చూసిందే. మరకత నగరంలో అడుగు పెట్టేవాళ్ళందరికీ ఆకుపచ్చ అద్దాలు పెట్టి తాళం వేస్తారు. ఊరు పచ్చగా కనిపించేది వాటివల్లే! మా ఫిజిక్స్ ల్యాబులో రంగు ఫిల్టరు చేసే పని ఇదే. మహామాంత్రికుడేమో తెరచాటున దాక్కున్న సర్కస్ బెలూను మనిషి.

1902లో అది నాటకమై బాగా ఆడింది. తర్వాత చలనచిత్రాలతో కలిపి వేసిన ప్రదర్శనల్లో డబ్బంతా కరిగి, 1911లో దివాళా పిటిషను పెట్టుకున్నాడు. ఇక చాలని 1910లో ముగించిన ఓజ్ కథల్ని 1913లో మళ్ళీ ఎత్తుకోక తప్పలేదు. 1919 మే 6న హాలీవుడ్‌లో పోయాడు. పద్నాలుగోది, చివరిది, మరుసటేడు వచ్చింది.

1939 నాటి సినిమా మాత్రమే చూసినవాళ్ళకి కళ్ళద్దాల సంగతి తెలియదు. అందులో ఊరు నిజంగానే పచ్చగా ఉంటుంది.