ఎల్లాప్రగడ సుబ్బారావు: కణం లోపలి పొరను కదిలించే ‘కరెన్సీ’ని పట్టుకున్న భీమవరం డాక్టర్

నాదర్‌గుల్ నుంచి ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా వెళ్తే హబ్సిగూడలో సీసీఎంబీ వస్తుంది. కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పొర ఎలా నిలబడుతుందన్న దానిపై అక్కడ ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. ఆ పొర కదలాలంటే ఏటీపీ కావాలి. దాన్ని కనిపెట్టిన వాళ్లలో ఒకరు మన తెలుగాయనే!

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు సుబ్బారావు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు, మూడోసారి గట్టెక్కారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు అన్నదమ్ములను రోజుల తేడాలోనే తీసుకెళ్లింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. దాంతో ఎంబీబీఎస్ పోయి, చేతికి ఎల్‌ఎంఎస్ వచ్చింది.

భార్య శేషగిరిని ఇక్కడే వదిలి, అప్పులూ విరాళాలతో అమెరికా ఓడెక్కారు. బోస్టన్‌లో పొట్టకూటి కోసం ఆసుపత్రిలో రాత్రి పనులు చేశారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి తెచ్చారు. అదే పద్ధతితో కండరాన్ని వెతికితే ముందు ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా ఏటీపీని పట్టుకున్నారు.

మరి పొరకూ దీనికీ లింకేంటి? కేంద్రకం పొర కింద లామిన్ అనే ప్రోటీన్ల వల ఉంటుంది. కణం రెండుగా చీలే టైంలో కొన్ని ఎంజైములు ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి లామిన్లకు తగిలిస్తాయి. అంతే, వల ఊడిపోతుంది, పొర విడిపోతుంది. క్రోమోజోములు పంచుకున్నాక వేరే ఎంజైములు ఆ ఫాస్ఫేట్లను పీకేస్తాయి. పొర మళ్లీ చుట్టుకుంటుంది. లామిన్ జన్యువు చెడితే కండరాలు నీరసించే జబ్బులు, చిన్నతనంలోనే ముసలితనం రావొచ్చు. ఈ సంగతులన్నీ సుబ్బారావు పోయాక ఎప్పటికో తేలాయి. ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

ఇంత చేసినా హార్వర్డ్ పర్మినెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన టీం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అది స్ప్రూకి కూడా పనిచేసింది. అన్నదమ్ములకు మాత్రం పాతికేళ్లు ఆలస్యం. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇస్తే, కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. నేటికీ వాడే మెథోట్రెక్సేట్ దాని తమ్ముడే.

ఫార్బర్ ఆ ఫలితాలు ప్రకటించింది 1948 జూన్‌లో. ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు నిద్రలోనే పోయారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, ఇండియాకూ తిరిగి రాలేదు. శేషగిరిని మళ్లీ చూడనేలేదు. ఆయన ముఖంతో మన తపాలా స్టాంపు వచ్చింది 1995లో.