కెన్ మైల్స్, ఒక అంగుళం

హాస్టల్‌లో రేసింగ్ గేమ్ ఆడేటప్పుడు పాత మస్టాంగ్ తీసుకున్న ప్రతిసారీ నేను ముందు ఇంజిన్ అప్‌గ్రేడే కొనేవాణ్ణి. కారు స్ట్రెయిట్‌లో దూసుకెళ్లేది, మొదటి మలుపులోనే గోడకి గుద్దుకునేది. మెకానికల్‌లో ఉన్న మా రూమ్మేట్ చూసి చూసి, ముందు సస్పెన్షన్ మార్చమన్నాడు. మార్చాను. అదే ఇంజిన్‌తో ల్యాప్ టైమ్ తగ్గింది. గేమ్‌లో అదొక బటన్ అంతే. నిజం కారు మీద ఆ పని ఎవరు చేశారా అని వెతికితే తెలిసిన పేరే దొరికింది: కెన్ మైల్స్.

2019లో వచ్చిన ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ సినిమా చూసినవాళ్లకి క్రిస్టియన్ బేల్ వేసిన పాత్ర గుర్తుండే ఉంటుంది. అందులో మైల్స్ మస్టాంగ్‌ని ఎగతాళి చేసే సీన్ ఉంది. ఆ కారుని మలుపులు తిరిగేలా చేసినవాళ్లలో ఆయన కూడా ఒకడు అన్న సంగతి మాత్రం సినిమాలో కనిపించదు. నాకు అసలు కథ అదే అనిపించింది.

మైల్స్ 1918 నవంబర్ 1న ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర సట్టన్ కోల్డ్‌ఫీల్డ్‌లో పుట్టాడు. వూల్స్‌లీ కార్ల కంపెనీలో అప్రెంటిస్‌గా చేరి పని నేర్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకుల దళంలో ఉన్నాడు. 1950ల మొదట్లో భార్య మోలీ, కొడుకు పీటర్‌తో లాస్ ఏంజెలెస్ చేరి, ఎం.జి. కార్ల డిస్ట్రిబ్యూటర్ దగ్గర సర్వీస్ మేనేజర్ అయ్యాడు. ఎం.జి. విడిభాగాలతో తనే ఒక రేసు కారు కట్టుకుని 1953లో వరసగా రేసులు గెలిచాడు. అప్పటికే పెద్ద ఇంజిన్లున్న కార్లు చాలా ఉన్నాయి. మనవాడిది చిన్న ఇంజినే, కానీ మలుపుల్లో ఆగేది కాదు. 1963లో కారల్ షెల్బీ కంపెనీలో చేరాడు.

1964 ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్ విడుదలైంది. చూడ్డానికి స్పోర్ట్స్ కారు, అడుగున మాత్రం ఫాల్కన్ అనే మామూలు ఫ్యామిలీ కారు. దీన్ని రేసుల్లో గెలిచేలా చెయ్యమని ఫోర్డ్ షెల్బీని అడిగింది. ఆ ఏడాది ఆగస్టులో మైల్స్, బాబ్ బాండురాంట్ కలిసి కాలిఫోర్నియా ఎడారిలోని విల్లో స్ప్రింగ్స్ ట్రాక్ మీద మస్టాంగ్‌ని టెస్ట్ చేశారు.

సమస్య ఏంటంటే, ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగితే మనం బయటివైపుకి ఒరుగుతాం కదా, కారు బాడీ కూడా అంతే. బాడీతో పాటు ముందు చక్రం కూడా పైభాగం బయటికి వాలిపోతే టైరు అంచు ఒక్కటే రోడ్డు మీద ఉంటుంది. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగా పోవాలనే చూస్తుంది. నా గేమ్‌లో గోడ కథ ఇదే.

ముందు చక్రాన్ని పట్టుకుని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉంటాయి. పై ఆర్మ్‌ని బాడీకి బిగించే బోల్టులు ఒక్కో వైపు రెండు. వాటికి ఒక అంగుళం కింద కొత్త రంధ్రాలు వేసి, అదే ఆర్మ్‌ని అక్కడ బిగించారు. ఇప్పుడు బాడీ ఒరిగినప్పుడు ఆ ఆర్మ్ చక్రం పైభాగాన్ని లోపలికి లాగుతుంది, టైరు రోడ్డు మీద సరిగ్గా కూర్చుంటుంది. కొత్త పార్టు ఒక్కటి కూడా అక్కర్లేదు! ఈ లెక్క ఫోర్డ్‌లో సస్పెన్షన్ ఇంజినీర్ క్లౌస్ ఆర్నింగ్‌ది. ఆ రోజుల్లోనే ఆయన సస్పెన్షన్ జామెట్రీకి కంప్యూటర్ వాడాడని చదివి, సీఎస్ఈ వాణ్ణి కాబట్టి నేను కాసేపు గర్వపడ్డాను. కానీ కంప్యూటర్ ఇచ్చిన అంకె నిజంగా పనిచేస్తోందా లేదా అన్నది నడుం కింద సీటు ద్వారా తెలుసుకుని చెప్పాల్సింది డ్రైవరే. మైల్స్‌కి మెకానిక్ పని, డ్రైవింగ్ రెండూ వచ్చు.

మిగతావి త్వరగా చెప్తాను. ముందు అంగుళం మందం యాంటీ రోల్ బార్, నాలుగు వైపులా కోని షాక్ అబ్సార్బర్లు, ఇంజిన్ పైన బాడీని గట్టిగా కట్టే రాడ్లు. వెనక లీఫ్ స్ప్రింగులు, అంటే లారీల కింద మనం చూసే కమాన్ కట్టల్లాంటివే. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే యాక్సిల్ మెలి తిరిగి చక్రాలు ఎగిరెగిరి పడేవి. అది ఆపడానికి యాక్సిల్ నుంచి బాడీకి ట్రాక్షన్ బార్లు వేశారు. స్పోర్ట్స్ కారుగా లెక్కలోకి రావాలంటే రెండు సీట్లే ఉండాలి కాబట్టి వెనక సీటు పీకేశారు. పేరు జీటీ350.

1965 ఫిబ్రవరి 14న టెక్సస్‌లోని గ్రీన్ వ్యాలీలో దాని మొదటి రేసు. మైల్స్ గెలిచాడు. నాలుగు చక్రాలూ గాల్లో ఉన్న ఆ కారు ఫొటో ఒకటుంది, తప్పకుండా చూడండి. అంత ఎత్తు నుంచి పడ్డా తిన్నగా సాగింది చూడండి, సస్పెన్షన్ అంటే అదీ.

1966లో డేటోనా 24 గంటల రేసు, సెబ్రింగ్ 12 గంటల రేసు లాయిడ్ రూబీతో కలిసి గెలిచాడు. లే మాన్‌లో ఏం జరిగిందో సినిమాలో చూశారు కాబట్టి మళ్లీ రాయను. దాని తర్వాత రెండు నెలలకి, ఆగస్టు 17న, రివర్‌సైడ్ ట్రాక్ మీద జె-కార్ అనే కొత్త ఫోర్డ్‌ని టెస్ట్ చేస్తుండగా కారు పల్టీలు కొట్టి ముక్కలైంది. ఆయన వయసు 47. ఆరోజు రేసు లేదు, గ్యాలరీలో జనం లేరు. ఆ కారుని మార్చి తయారుచేసిన మార్క్ 4లో ఫోర్డ్ గట్టి రోల్ కేజ్ పెట్టింది. మరుసటి ఏడాది లే మాన్‌లో మారియో ఆండ్రెట్టి మార్క్ 4 ఘోరంగా గుద్దుకుంది. ఆండ్రెట్టి ప్రాణాలతో బయటపడ్డాడు.

మైల్స్ పోయిన 1966లోనే, ఖర్చు తగ్గించడానికి, మొదటి బ్యాచ్ తర్వాత వచ్చిన జీటీ350లలో ఆ అంగుళం మార్పు తీసేశారు. కానీ పాత మస్టాంగ్ ఉన్నవాళ్లు ఇప్పటికీ ఇంట్లోనే టెంప్లేట్ పెట్టి, డ్రిల్లింగ్ మెషిన్‌తో ఆ రంధ్రాలు వేసుకుంటున్నారు. ఆ పనికి షెల్బీ డ్రాప్ అని పేరు. కొంతమంది ఆర్నింగ్ డ్రాప్ అంటారు. మైల్స్ పేరుతో ఎవరూ పిలవగా నేనైతే చూడలేదు.