ఎడ్వర్డ్ వెస్టన్

ఎడ్వర్డ్ వెస్టన్ (మార్చి 24, 1886 - జనవరి 1, 1958) అమెరికాకు చెందిన ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు. కూరగాయలు, గవ్వలు, రాళ్ళు, చెట్ల వేళ్ళు వంటి సామాన్య వస్తువులలోను, శిథిలమవుతున్న వాటిలోను సౌందర్యాన్ని చూపించిన ఫోటోలకు ఇతడు పేరు పొందాడు.

తొలి జీవితం

వెస్టన్ ఇల్లినాయ్ రాష్ట్రంలోని హైలాండ్ పార్కులో జన్మించాడు. ఇతని ఐదవ ఏట తల్లి మరణించింది. 1902లో తండ్రి బహూకరించిన కోడాక్ కెమెరాతో ఫోటోలు తీయడం ప్రారంభించాడు. 1906లో కాలిఫోర్నియా చేరాడు. 1909లో ఫ్లోరా చాండ్లర్‌ను వివాహమాడాడు. వీరికి నలుగురు కుమారులు. 1911లో లాస్ ఏంజెలస్ సమీపంలోని ట్రోపికోలో స్టూడియో నెలకొల్పాడు. ఆనాటి అభిరుచికి తగినట్లు, వర్ణచిత్రాలను పోలిన మసక ఫోటోలు తీసి ప్రశంసలు పొందాడు.

శైలిలో మార్పు

1922లో ఒహైయోలోని ఒక ఉక్కు కర్మాగారాన్ని స్పష్టమైన రేఖలతో చిత్రించడం ఇతని శైలిలో మలుపు. పేరు తెచ్చిన మసక శైలిని క్రమంగా విడిచిపెట్టాడు. 1923లో టీనా మొడోట్టి, పెద్ద కుమారుడు చాండ్లర్‌లతో మెక్సికో వెళ్ళాడు. అక్కడ 1925లో మరుగుదొడ్డిలోని పింగాణీ తొట్టిని సైతం శిల్పంలా ఫోటో తీశాడు. తిరిగివచ్చాక 1927లో గవ్వలను, ఆ తరువాత క్యాప్సికం కాయలను చిత్రించాడు. 1930 ఆగస్టులో ఒక మెలితిరిగిన కాయను రేకు గరాటులో ఉంచి తీసిన "పెప్పర్ నెం. 30" ఇతని రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది.

ఈ ఫోటోలకు పెద్ద కెమెరాను వాడి, 8×10 అంగుళాల నెగటివ్‌ను పెద్దది చేయకుండా నేరుగా కాగితంపై ముద్రించేవాడు. అందువలన సూక్ష్మమైన వివరాలు కూడా చెదరకుండా నిలిచేవి. అయితే కుటుంబ పోషణకు మాత్రం చాలాకాలం వ్యక్తుల ఫోటోలపైనే ఆధారపడవలసి వచ్చింది.

ప్రకృతి, శిథిలత

1929లో వెస్టన్ కార్మెల్‌లో స్థిరపడ్డాడు. సమీపంలోని పాయింట్ లోబోస్ తీరంలో గాలికి వంగిన సైప్రస్ వేళ్ళు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు నాచు, కోసుకుపోయిన రాళ్ళు, చనిపోయిన పక్షులు ఇతని చిత్రాలకు వస్తువులయ్యాయి. జీవమున్నదైనా, లేనిదైనా ఆకృతిని ఒకే శ్రద్ధతో చూడటం ఇతని ప్రత్యేకత. 1932లో ఆన్సెల్ ఆడమ్స్ తదితరులతో కలిసి "గ్రూప్ ఎఫ్/64" ఏర్పరచాడు. 1937లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ పొందిన తొలి ఛాయాచిత్రకారుడయ్యాడు. దీనితో ఎడారులను, పాడుబడిన ఊళ్ళను తిరిగి చూసే అవకాశం లభించింది. 1941లో వాల్ట్ విట్మన్ కవితా సంపుటి కొత్త ముద్రణ కోసం దేశమంతా పర్యటిస్తూ లూసియానాలోని సమాధులను, కూలిన భవనాలను చిత్రించాడు.

చివరి రోజులు

1946లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం ఇతని చిత్రాలతో పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. అప్పటికే పార్కిన్సన్ వ్యాధి ఇతనిని బాధిస్తున్నది. 1948లో పాయింట్ లోబోస్‌లోనే చివరి ఫోటో తీశాడు. తరువాత పదేళ్ళు కెమెరా పట్టలేకపోయినా, కుమారుడు బ్రెట్ ముద్రిస్తుండగా తన పాత నెగటివ్‌ల ప్రతులను పర్యవేక్షించాడు. 1958 జనవరి 1న స్వగృహంలో మరణించాడు. చితాభస్మాన్ని పాయింట్ లోబోస్ తీరంలో కలిపారు. ఆ తీరభాగానికి తరువాత వెస్టన్ బీచ్ అని పేరు పెట్టారు.