ఐదొందల జీతం వదిలేసిన పండితుడు

ఈశ్వర్‌చంద్ర విద్యాసాగర్ అనగానే స్కూల్లో విన్న కథ ఒక్కటే గుర్తొస్తుంది. ఇంట్లో దీపానికి నూనె లేక వీధి దీపం కింద చదువుకున్న కుర్రాడు. కష్టపడి చదివాడు, గొప్పవాడయ్యాడు. మనకి కథ అక్కడితో అయిపోతుంది.

కానీ ఉద్యోగం కోసం రెజ్యూమె పట్టుకుని తిరుగుతున్నవాళ్లకు పనికొచ్చే కథ దాని తర్వాతే మొదలవుతుంది. విద్యాసాగర్ తన జీవితంలో రెండుసార్లు ఉద్యోగానికి రాజీనామా చేశారు. మొదటిసారి 26 ఏళ్ల వయసులో. రెండోసారి 38 ఏళ్ల వయసులో. ఆ రెండోసారి వదిలేసిన జీతం నెలకు 500 రూపాయలు. అది 1858. పెన్షన్ కూడా ఇవ్వలేదు. ఇంటి నిండా ఆయన మీద ఆధారపడ్డవాళ్లే.

అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? ఆత్మగౌరవం అని పుస్తకాలు చెబుతాయి. నిజమే. కానీ ఆ గౌరవం నిలబడటానికి కింద ఒక లెక్క ఉంది. ఆ లెక్క రాజీనామా రోజున వేసింది కాదు, అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే వేసుకుంటూ వచ్చింది.

పది రూపాయల ఇల్లు

1820 సెప్టెంబర్ 26న ఇప్పటి పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌సింగా గ్రామంలో ఆయన పుట్టారు. తండ్రి ఠాకూర్‌దాస్ బతుకుతెరువు కోసం చిన్నప్పుడే కలకత్తా వెళ్లారు. ఆయన మొదటి జీతం నెలకు 2 రూపాయలు. ఎన్నో ఏళ్లు పనిచేశాక కూడా అది 10 రూపాయలు దాటలేదు.

ఎనిమిదేళ్ల వయసులో ఈశ్వర్ తండ్రితో కలిసి ఊరి నుంచి కలకత్తాకు నడిచి వెళ్లాడు. దారిలో మైలురాళ్లు చూసుకుంటూ ఇంగ్లిష్ అంకెలు నేర్చేసుకున్నాడు. నగరంలో బడాబజార్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో తలదాచుకున్నారు. పొద్దున్నే కూరగాయలు తేవడం, వంట చేయడం, గిన్నెలు తోమడం, ఆ తర్వాత కాలేజీకి పరిగెత్తడం. 1829లో సంస్కృత కాలేజీలో చేరి పన్నెండేళ్లు చదివాడు. కొంతకాలానికి నెలకు 5 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ ఇంటికి అది చిన్న మొత్తమేం కాదు. తండ్రి జీతంలో సగం.

పేదరికం ఎవరికీ గొప్ప కాదు. కాకపోతే ఒక మనిషి నెలంతా బతకడానికి నిజంగా ఎంత కావాలో ఆ కుర్రాడికి పైసలతో సహా తెలిసిపోయింది. తర్వాత ఎంత సంపాదించినా ఆ అంకెను ఆయన మర్చిపోలేదు.

50లో 20 ఇంటికి

1841 డిసెంబర్‌లో చదువు పూర్తయిన వెంటనే ఉద్యోగం వచ్చింది. ఈస్టిండియా కంపెనీ అధికారులకు భారతీయ భాషలు నేర్పే ఫోర్ట్ విలియం కాలేజీలో ప్రధాన పండితుడు. జీతం 50 రూపాయలు. తండ్రి సంపాదనకు ఐదు రెట్లు.

మొదటి జీతంతో ఏం కొనాలా అని మనం ఆఫర్ లెటర్ రాకముందే లిస్టు రాసుకుంటాం. ఆయన మొదట చేసిన పని, తండ్రిని ఉద్యోగం మానిపించి ఊరికి పంపడం. నెలకు 20 రూపాయలు తండ్రికి పంపేవారు. మిగిలిన 30 రూపాయలతో కలకత్తాలో తమ్ముళ్లు, బంధువుల పిల్లలు అంతా కలిపి తొమ్మిది మంది దాకా ఉన్న ఇల్లు నడిచేది. వంట మనిషి లేడు. వంతులు వేసుకుని వండుకునేవారు.

ఇక్కడ జరిగింది ఒక్కటే. ఆదాయం ఐదు రెట్లు పెరిగింది, సొంత ఖర్చు మాత్రం దాదాపు పాత చోటే ఉండిపోయింది. ముతక ధోవతి, పైన చాదర్, కాళ్లకు మామూలు చెప్పులు. ఆ తర్వాత పదింతలు సంపాదించిన రోజుల్లోనూ, గవర్నర్లను కలవడానికి వెళ్లిన రోజుల్లోనూ అదే వేషం.

మొదటి రాజీనామా

1846లో తాను చదివిన సంస్కృత కాలేజీలోనే అసిస్టెంట్ సెక్రటరీగా చేరారు. పాఠాలు, పరీక్షలు, కాలేజీ నడిచే తీరు అన్నీ మార్చాలని వివరంగా ప్రతిపాదనలు ఇచ్చారు. సెక్రటరీ రసమయ్ దత్‌కు అవి నచ్చలేదు. కుర్చీ కోసం నోరు మూసుకుని కూర్చోవడం విద్యాసాగర్‌కు చేతకాలేదు. 1847లో రాజీనామా చేశారు.

ఏం తిని బతుకుతావని జనం అడిగితే, కూరగాయలు అమ్ముకునైనా బతుకుతాను కానీ గౌరవం లేని ఉద్యోగం చేయనని తేల్చేశారని చెబుతారు. వినడానికి సినిమా డైలాగ్‌లా ఉంటుంది. కానీ ఆ మాట అనగలగాలంటే వెనకాల కొన్ని ఉండాలి. నెల ఖర్చు తక్కువ. సంపాదనకు అందివచ్చిన తమ్ముడు ఉన్నాడు. చేతిలో ఎక్కడైనా చెల్లే చదువు ఉంది. వీటిలో ఏదీ లేనివాడు అదే మాట అంటే పౌరుషం నెల తిరక్కుండానే దిగిపోతుంది.

600 అప్పు, ఒక్క ఆర్డర్‌తో తీరింది

అదే రోజుల్లో ఆయన అప్పు చేశారు.  స్నేహితుడు మదన్‌మోహన్ తర్కాలంకార్‌తో కలిసి ప్రింటింగ్ ప్రెస్ పెట్టాలనుకున్నారు. పాత ప్రెస్ ఒకటి 600 రూపాయలకు అమ్మకానికి వచ్చింది. ఇద్దరి దగ్గరా డబ్బు లేదు. మరో స్నేహితుడు నీల్‌మాధవ్ ముఖర్జీ దగ్గర ఆ 600 తెచ్చారు. అలా పుట్టింది సంస్కృత ప్రెస్.

తీర్చడం ఎలా? ఫోర్ట్ విలియం కాలేజీలో మార్షల్ అనే అధికారికి విద్యాసాగర్ పనితనం తెలుసు. అక్కడ పాఠ్యంగా చదివే భరతచంద్రుడి 'అన్నదామంగళ్' కావ్యం అచ్చు ప్రతులు తప్పులతడకగా ఉండేవి. కృష్ణనగర్ రాజుల ఇంట్లో ఉన్న రాతప్రతి తెప్పించి, సరిచూసి, శుభ్రంగా అచ్చువేస్తే కాలేజీ 100 ప్రతులు కొంటుందని మాట వచ్చింది. వేశారు. ప్రతికి 6 రూపాయల చొప్పున 100 ప్రతులకు 600 వచ్చాయి. అప్పు అక్కడికక్కడే తీరిపోయింది. మిగిలిన ప్రతుల మీద వచ్చిందంతా ప్రెస్‌దే.

ఈ ఒక్క లావాదేవీని ఏ బిజినెస్ స్కూల్లోనైనా పాఠంగా చెప్పొచ్చు. అప్పుతో కొన్నది సంపాదించి పెట్టే వస్తువు. మొదటి కొనుగోలుదారుడు ఎవరో ముందే తెలుసు. ఆ పని చేయగల నైపుణ్యం తన చేతిలోనే ఉంది. అప్పు మొత్తం ఎంతో, అది తీరేది దేనితోనో రెండూ తెలిసే సంతకం పెట్టారు. కొత్త ఫోన్ కోసం పన్నెండు నెలల ఈఎంఐ పెట్టుకోవడానికీ దీనికీ ఉన్న తేడా ఇదే.

జీతం వస్తున్నప్పుడే రెండో దారి

1849లో మళ్లీ ఫోర్ట్ విలియంలో చేరారు, 80 రూపాయలకు. 1850 చివర్లో సంస్కృత కాలేజీ ప్రొఫెసర్‌గా పిలిచారు. 1851లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. జీతం 150, తర్వాత 300. 1855లో స్కూళ్ల ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ బాధ్యత కూడా ఇచ్చి మరో 200 కలిపారు. మొత్తం 500.

జీతం బాగున్న ఈ ఏళ్లలోనే ఆయన పుస్తకాలు వరసగా వచ్చాయి. ప్రెస్ పెట్టిన ఏడాదే 'బేతాళ పంచవింశతి' వచ్చింది. 1851లో సంస్కృత వ్యాకరణం సులువుగా నేర్పే 'ఉపక్రమణిక', 1854లో 'శకుంతల', 1855లో బెంగాలీ పిల్లలకు అక్షరాలు నేర్పే 'వర్ణపరిచయ్'. ఆ చివరి పుస్తకం ఇప్పటికీ బెంగాల్‌లో దొరుకుతుంది. రాసేది ఆయనే, అచ్చువేసేది ఆయన ప్రెస్సే, అమ్మేది ఆయన పుస్తకాల డిపాజిటరీయే. జీతం ఆగిపోయినా ఆగని ఆదాయం అలా తయారైంది.

నోటిమాటతో పెట్టిన స్కూళ్లు

1857 నవంబర్ నుంచి 1858 మే దాకా ఆయన హుగ్లీ, బర్దవాన్, మేదినీపూర్, నదియా జిల్లాల్లో 35 ఆడపిల్లల బడులు తెరిచారు. దాదాపు 1,300 మంది అమ్మాయిలు చేరారు. ప్రభుత్వం డబ్బిస్తుందన్న నమ్మకంతోనే తెరిచారు. పైనుంచి ప్రోత్సాహం ఉంది కానీ కాగితం మీద ఉత్తర్వు లేదు. తీరా చూస్తే సర్కారు మంజూరు చేయనంది. పంతుళ్ల జీతాలు 3,400 రూపాయలకు పైగా పేరుకుపోయాయి. వాళ్లను పెట్టుకున్నది ఆయన కాబట్టి వాళ్లు అడిగేదీ ఆయన్నే. చాలా ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత ఆ పాత బకాయిలకు మాత్రం ప్రభుత్వం ఒప్పుకుంది. ఇకపై బడులకు సాయం లేదంది.

విద్యాశాఖ డైరెక్టర్‌తో అప్పటికే ఆయనకు పొసగడం లేదు. 1858 నవంబర్‌లో 500 రూపాయల ఉద్యోగం వదిలేశారు. ఆ తర్వాత చందాలు పోగుచేసి, తన డబ్బు కలిపి కొన్ని బడులను నడిపించారు. తన ఇంటి ఖర్చు జీతంతో పాటు పెరగలేదు కాబట్టి జీతంతో పాటు కూలిపోలేదు. కొన్నేళ్లకే పుస్తకాల మీద వచ్చేది పాత జీతాన్ని దాటిపోయింది.

ఇతరుల మాట మీద చేసిన అప్పు

కథ ఇక్కడ ఆపేస్తే అందంగా ఉంటుంది, కానీ సగమే చెప్పినట్టు. విద్యాసాగర్ అప్పుల్లో మునిగిన రోజులూ ఉన్నాయి.

1856లో వితంతు పునర్వివాహ చట్టం రావడం వెనక ఆయన పోరాటం ఉంది. పాతికేళ్ల తర్వాత, 1881 డిసెంబర్ 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది ఆ చట్టం అండతోనే. అయితే చట్టం వస్తే పెళ్లిళ్లు వాటంతటవే జరగవు. వెలివేతకు సిద్ధపడ్డ జంటలకు పెళ్లి ఖర్చు, నగలు, తర్వాత బతుకుతెరువు అన్నీ చూడాలి. 1867 నాటికి 60 పెళ్లిళ్లకు దాదాపు 82,000 రూపాయలు ఖర్చయ్యాయి. మేమున్నాం అంటూ చందా రాసిన పెద్దమనుషులు చాలామంది తర్వాత మొహం చాటేశారు. వాళ్ల మాట నమ్మి చేసిన అప్పు ఆయన మెడకు చుట్టుకుంది.

అదే కాలంలో ఫ్రాన్స్‌లో కవి మైకేల్ మధుసూదన్ దత్ భార్యాపిల్లలతో అప్పులపాలై ఉత్తరం రాస్తే, విద్యాసాగర్ తన దగ్గర లేకపోయినా వేరేవాళ్ల దగ్గర తెచ్చి 1864లో 1,500 రూపాయలు పంపారు. తర్వాత ఇంకా పంపారు. మధుసూదన్ బారిస్టర్ అయ్యి తిరిగొచ్చి కలకత్తా హైకోర్టులో బాగానే సంపాదించారు. కానీ ఖర్చు ఎప్పుడూ సంపాదన కంటే ముందే పరిగెత్తేది. అప్పు చేసి పప్పుకూడు తినే అలవాటు వదల్లేదు. 1873లో చేతిలో ఏమీ లేకుండా పోయారు. ఇద్దరూ మేధావులే, ఇద్దరికీ అప్పులున్నాయి. ఒకరి నెల ఖర్చుకు అడుగు ఉంది, ఇంకొకరి దానికి లేదు.

విద్యాసాగర్ అప్పులు తీరుస్తూ వచ్చారు. ఆయన్ను గట్టెక్కించాలని స్నేహితులు బహిరంగంగా చందాలు అడగబోతే ఒప్పుకోలేదు. 1869లో తాను ప్రేమగా పెంచుకున్న ప్రెస్‌లో మూడింట రెండు వంతుల వాటా 8,000 రూపాయలకు అమ్మేశారు. పుస్తకాల మీద వచ్చిన డబ్బు అప్పులవాళ్లకు వెళ్లగలిగింది, ఎందుకంటే దాన్ని మింగేసే దర్జా ఆయన ఇంట్లో లేదు.

సంపాదించేవాడు పోతే?

ఆ అనుభవం నుంచే కావచ్చు, 1872లో హిందూ ఫ్యామిలీ యాన్యుటీ ఫండ్ స్థాపనలో ఆయన ముందున్నారు. తక్కువ జీతం ఉద్యోగి నెలనెలా కొంత కడితే, అతను చనిపోయాక భార్యాపిల్లలకు నెలనెలా కొంత వస్తుంది. మనం ఇప్పుడు టర్మ్ ఇన్సూరెన్స్, పెన్షన్ అంటూ మాట్లాడుకునేదానికి దగ్గరి ఆలోచన. నిర్వహణ తీరు నచ్చక కొన్నేళ్లకు ఆ ఫండ్ నుంచి కూడా తప్పుకున్నారు. ఆయన తీరే అంత. 1891 జూలై 29న కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. రేపు మీకొచ్చే ప్యాకేజీ ఎంతో మీ చేతిలో లేదు. లేఆఫ్ మెయిల్ ఎప్పుడొస్తుందో అసలే లేదు. మేనేజర్ తప్పుడు పని చెప్పినప్పుడు కాదనగలరా లేదా అన్నది మాత్రం ఆ రోజు మీ అకౌంట్ నుంచి ఎన్ని ఈఎంఐలు కట్ అవుతున్నాయన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. ఎడ్యుకేషన్ లోన్ ఉంటే ముందు దాన్ని వదిలించుకోండి. ఎవరి కోసమైనా హామీ సంతకం పెట్టే ముందు, వాళ్లు కట్టకపోతే మీరు కట్టగలరా అని ఆలోచించండి. విద్యాసాగర్ లాంటివాడే అక్కడ దెబ్బతిన్నాడు.

ఆఫర్ లెటర్ రాకముందే ఒక కాగితం తీసుకుని, మీరు, మీ ఇల్లు నెల గడవడానికి నిజంగా ఎంత కావాలో రాసుకోండి. జీతం వచ్చాక ఆ కాగితం పారేయకండి.